చిరునామా చెప్పని విందుకి వెళ్లొచ్చాను

మే నెలలో ఒక శనివారం, సాయంత్రం నాలుగున్నరకి ఫోన్‌లో మెసేజ్: "ఏడింటికి జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ మెట్రో కింద. గొడుగు వేసుకున్న మనిషి కోసం చూడండి." అంతే. హైదరాబాద్‌లో జరిగే ఈ విందుకి మూడు వారాల ముందే 4,800 రూపాయలు కట్టేశాను, వెళ్లకపోతే డబ్బు వెనక్కి రాదు, పైగా ఇదివరకు అక్కడ తిన్నవాళ్లెవరైనా మన పేరు చెబితేనే సీటు. నా పేరు చెప్పిన పాత కొలీగ్‌ని ఏం పెడతార్రా అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

విజయవాడలో పొద్దున్నే శాతవాహన ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్‌లో దిగాను. బస అమీర్‌పేటలో, మెట్రోకి ఐదు నిమిషాల నడక, ఏసీ గది 1,700. వేడినీళ్లు పొద్దున తొమ్మిది దాకానే, దిండు ఇటుకరాయి, కానీ దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి. జూబ్లీహిల్స్‌లో దీనికి మూడింతలు అడిగారు. అమీర్‌పేట నుంచి చెక్‌పోస్ట్ నాలుగో స్టేషనే, అంత దండగ ఎందుకు?

గొడుగు మనిషి నిజంగానే ఉన్నాడు. వాన లేదు, ఎండా పోయింది, సిగ్గుపడుతున్నాడు పాపం. పన్నెండు మందిని ఒక పాత బంగళా మేడమీదికి తీసుకెళ్లి, ఫోన్లు గుడ్డసంచిలో వేయించుకుని, ఒకే పొడుగాటి బల్ల చుట్టూ కూర్చోబెట్టారు. పారిస్‌లో 1988లో మొదలైన, అందరూ తెల్లబట్టలతో వచ్చే విందులో కూడా చోటు చివరిదాకా చెప్పరు, కానీ వాళ్లు అనుమతి లేకుండా నలుగురూ తిరిగే చోట కూర్చునేవాళ్లు కాబట్టి దాచారు, దానికో అర్థముంది. సొంత మేడమీద అన్నం పెట్టడానికి ఇంత గుట్టెందుకో నాకైతే అర్థం కాలేదు.

మొదట గోంగూర ముత్యాలు. సముద్రపు నాచు నుంచి తీసిన ఆల్జినేట్ పొడిని గోంగూర రసంలో కలిపి, కాల్షియం నీళ్లలో చుక్కలుగా వదిలితే చుట్టూ పల్చటి పొర కడుతుంది, స్పెయిన్‌లో ఎల్ బుల్లి రెస్టారెంట్ వాళ్లు 2003 ప్రాంతంలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతే. చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి, నోట్లో టప్పున పేలాయి, కానీ పులుపేది? అడిగితే షెఫ్ నిజాయితీగానే చెప్పాడు: పులుపు ఎక్కువుంటే పొర సరిగ్గా కట్టదండీ, సిట్రేట్ అనే లవణం వేసి తగ్గించాం అని. గోంగూరలో పులుపు తీసేస్తే ఇక మిగిలేది ఆకుపచ్చ రంగేగా!

తర్వాతది మాత్రం మర్చిపోలేను. పూతరేకులో చక్కెర బదులు ఆవకాయ గుండ, నెయ్యి. తడి తగిలితే రేకు మెత్తబడిపోతుంది కాబట్టి వడ్డించేవాళ్లు పరుగున వచ్చి చేతికిచ్చి, వెంటనే తినమన్నారు. రేకు కరిగి నెయ్యి నాలుకకి తగిలాక మెల్లగా కారం ఎక్కింది. ఇంకోటి అడగబోయి మొహమాటపడ్డాను. ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించిన మజ్జిగ కూడా బాగుంది, మైనస్ 196 డిగ్రీల చలికి క్షణాల్లో గడ్డకడుతుంది కాబట్టి మంచు పలుకులు లేకుండా వెన్నలా ఉంది. పొగ చూసి అందరూ చేతులు జేబుల్లో ఫోన్ల కోసం పెట్టుకోవడం భలే నవ్వొచ్చింది.

సర్వీసు గురించి ఒక గట్టి కంప్లైంట్. ఏం తింటున్నామో తిన్నాకే చెబుతారట. నా పక్కనావిడకి వేరుశనగ పడదు, ఆ సంగతి బుకింగ్‌లో ఎవరూ అడగలేదు, ఆవిడ తనే లేచి అడిగితే వంటగదిలోకి వెళ్లి పది నిమిషాలకి జవాబు తెచ్చారు. ఆ పది నిమిషాలూ ఆవిడ టెన్షన్ చూడాలి. సస్పెన్స్ కోసం ఇలాంటి విషయం వదిలేస్తే ఎలా?

ఆఖర్న ఉలవచారు వచ్చింది, కాఫీ కప్పులో, పైన వెన్న. చిక్కగా, కమ్మగా, గంటలకొద్దీ మరిగిన వాసన. కొంచెం అన్నం పెట్టండి అన్నాను. "సారీ సర్, ఇది ఇలాగే తాగాలి" అన్నారు. నలుగురైదుగురు నావైపు తిరిగి, మాక్కూడా కావాలి అన్నారు. అయినా పెట్టలేదు.

బయటపడేసరికి పన్నెండు దాటింది, మెట్రో లేదు, అమీర్‌పేటకి క్యాబ్‌కి 240 అయింది.

ఇప్పుడు నేనూ ఇద్దరి పేర్లు చెప్పొచ్చట. గుడివాడలో మా పిన్నికి ఫోన్ చేశాను. అంతా విని, "4,800 తీసుకుని అన్నం పెట్టలేదా?" అంది. రెండో పేరు ఇంకా ఖాళీగానే ఉంది, మొదటిది కూడా.