జ్ఞాపకంతో చెప్పే చాట్‌బాట్, ఆధారం చూపే చాట్‌బాట్

విజయనగరంలో పోటీ పరీక్షలకు చదివే విద్యార్థి బొబ్బిలి యుద్ధం ఎప్పుడు జరిగిందని అడిగితే, కేవలం తన శిక్షణ మీద ఆధారపడే చాట్‌బాట్ 1757 అని సరిగ్గానే చెప్పవచ్చు. అయితే అది ఆ సంవత్సరాన్ని సరిచూసుకుని చెప్పదు, శిక్షణలో చూసిన పాఠ్యాన్ని బట్టి ఏ మాట తరువాత ఏ మాట రావడం సహజమో లెక్కగట్టి చెబుతుంది. పద్మనాభ యుద్ధం జరిగిన 1794ను బొబ్బిలికి అంటగట్టినా దాని వాక్యంలో తడబాటు కనిపించకపోవచ్చు. అబద్ధమాడేవాడికి నిజమేమిటో తెలుసు, దాన్ని దాచాలన్న ఉద్దేశమూ ఉంటుంది. ఇక్కడ అలాంటి ఉద్దేశం అవసరం లేకుండానే తప్పు పుడుతుంది. పైగా మనుషులు మెచ్చిన జవాబులను బట్టి కూడా శిక్షణ ఇస్తారు కనుక, అడిగినవారి నమ్మకానికి తలూపే గుణం దానికి అబ్బుతుంది. (తాండ్ర పాపారాయుడి ప్రస్తావన రాగానే కథకూ చరిత్రకూ మధ్య గీత చెరిపేసే అలవాటు మనకూ లేకపోలేదు.)

ఇంటర్నెట్‌లో వెతికి ఆధారం చూపే చాట్‌బాట్‌కు నిజంపై ప్రేమ ఎక్కువని నేననుకోను. అది చూపిన పుటలో ఆ మాట లేకపోయే సందర్భాలూ ఉన్నాయి. కానీ ఆ లంకె తెరిచి చూసుకునే వీలు చదువరికి దక్కుతుంది. ఉత్తరం రాయించుకోవడానికి మొదటిది చాలు. తేదీలకు, పేర్లకు మాత్రం రెండోదాన్నే ఎంచుకుంటాను. శ్రీకూర్మం శాసనాల వంటి విషయాలకైతే ఆ లంకె దగ్గర కూడా ఆగకుండా, అచ్చయిన శాసన సంపుటాలు తిరగేయడం మేలు.