బ్రిగేడియర్ జెరార్డా, మిల్ రీఫా: ఏది మేలు?

1971 మే 1న ఇంగ్లండులోని న్యూమార్కెట్‌లో జరిగిన టూ థౌజండ్ గినీస్ పందెంలో దిగినవి ఆరే ఆరు గుర్రాలు. మూడేళ్ళ గుర్రాలకు ఏటా వచ్చే తొలి క్లాసిక్ (అంటే అత్యంత ప్రతిష్ఠ గల) పందేలలో అదొకటి. దూరం ఒక మైలు, అంటే ఎనిమిది ఫర్లాంగులు. పందెం కాసినవారి డబ్బు ఎక్కువగా మిల్ రీఫ్ మీద, ఆ తరువాత మై స్వాలో మీద పడింది. గెలిచింది మాత్రం బ్రిగేడియర్ జెరార్డ్. దానికి మూడు గుర్రాల నిడివి వెనక మిల్ రీఫ్, మరో ముప్పాతిక నిడివి వెనక మై స్వాలో గీత దాటాయి. గెలిచిందే గొప్పదని సరిపెట్టుకుంటే వివాదం ఆనాడే ముగిసేది. ముగియకపోవడానికి కారణం, ఆ రోజు ఓడిన మిల్ రీఫ్ ఆ తరువాత ఒక్కసారి కూడా ఓడకపోవడమే.

మై స్వాలోను ఈ తూకంలోకి తీసుకురావడం కష్టం. రెండేళ్ళ వయసులో పరుగెత్తిన ఏడు పందేలూ గెలిచి, ఫ్రాన్సులో జరిగిన రాబెర్ పాపాన్ పందెంలో మిల్ రీఫ్‌ను తలకంటే తక్కువ తేడాతో ఓడించిన గుర్రం అది. కానీ గినీస్ తరువాత ఆ స్థాయి గెలుపు దానికి మళ్ళీ దక్కలేదు. మిల్ రీఫ్ మొత్తం 14 పందేలలో 12 గెలిచి రెండింట రెండో స్థానంలో నిలిచింది. ఆ రెండు ఓటములలోనూ మై స్వాలో పోటీలో ఉండడం గమనించదగ్గ విషయం.

అమెరికాలోని వర్జీనియాలో పాల్ మెలన్ పెంపకంలో పుట్టి, ఇంగ్లండులో ఇయాన్ బాల్డింగ్ శిక్షణలో పెరిగిన మిల్ రీఫ్‌కు అసలు దూరం మైలు కాదని గినీస్ తరువాతే తేలింది. జెఫ్ లూయిస్ స్వారీలో అదే వేసవిలో మైలున్నర దూరపు ఎప్సమ్ డెర్బీ గెలిచింది. ఎక్లిప్స్ పందెంలో కారో అనే మేటి ఫ్రెంచి గుర్రాన్ని నాలుగు నిడివుల తేడాతో, ఆస్కట్‌లోని కింగ్ జార్జ్ పందెంలో పోటీదారులను ఆరు నిడివుల తేడాతో వెనక్కి నెట్టింది. అక్టోబరులో పారిస్‌లో మైలున్నర దూరపు ఆర్క్ పందేన్ని కొత్త రికార్డు వేళతో గెలిచింది. మరుసటి ఏడాది ఫ్రాన్సులోని గానే పందెంలో దాని ఆధిక్యం పది నిడివులు. ఒక్క ఏడాదిలో డెర్బీ, ఎక్లిప్స్, కింగ్ జార్జ్, ఆర్క్ నాలుగూ గెలవడమంటే ఎంతటి పనో పందేలు ఎరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు.

మరి బ్రిగేడియర్ జెరార్డ్? జాన్, జీన్ హిస్లాప్ దంపతులు తమ చిన్న పెంపకంలోనే పుట్టించి, సొంతంగా ఉంచుకున్న గుర్రం అది. తండ్రి క్వీన్స్ హుస్సార్‌కు అప్పటికి గొప్ప పేరేమీ లేదు. డిక్ హెర్న్ శిక్షణలో, జో మెర్సర్ స్వారీలో అది 18 పందేలలో 17 గెలిచింది. ఏకైక ఓటమి 1972 ఆగస్టులో యార్క్‌లో, ఆ ఏటి డెర్బీ విజేత రాబర్టో చేతిలో. ఆ పందెంలో రాబర్టోతో పాటు బ్రిగేడియర్ కూడా అక్కడి పాత రికార్డు వేళకంటే ముందే గీత దాటిందంటే, ఆ ఓటమిని మచ్చగా లెక్కించడానికి నాకు మనసొప్పదు.

నా తూకం మొగ్గేది కూడా ఇక్కడే. మిల్ రీఫ్ గినీస్ తరువాత మైలు పందెం జోలికి మళ్ళీ పోలేదు. బ్రిగేడియర్ జెరార్డ్ మాత్రం మైలు దూరంలో తన ఏలుబడి సాగిస్తూనే, మైలుంబావు దూరంలో ఎక్లిప్స్‌నూ, ఛాంపియన్ స్టేక్స్‌ను రెండేళ్ళు వరుసగానూ గెలుచుకుంది. చివరకు 1972 కింగ్ జార్జ్‌లో తన శక్తికి మించినదనిపించే మైలున్నర దూరంలో కూడా నెగ్గింది. అంటే అది మిల్ రీఫ్ సొంత గడ్డ మీద సైతం గెలిచి చూపింది. మిల్ రీఫ్‌కు బ్రిగేడియర్ గడ్డ మీద అలాంటి గెలుపు లేదు. గుర్రాల సత్తాను అంకెల్లో లెక్కగట్టే టైమ్‌ఫామ్ సంస్థ బ్రిగేడియర్‌కు 144, మిల్ రీఫ్‌కు 141 అంకెలు ఇవ్వడం నాకు న్యాయంగానే తోస్తుంది. ఆర్క్‌లో మిల్ రీఫ్ చూపిన వేగాన్ని ఎత్తిచూపేవారి మాటలో బలం లేకపోలేదు. మైలున్నరకే పరిమితమై ఎంచమంటే నేనూ మిల్ రీఫ్‌నే ఎంచుతాను. 1972లో రెండూ మళ్ళీ ఎదురుపడి ఉంటే బాగుండేది. ఆ ఏడాది జబ్బు మిల్ రీఫ్‌ను వెనక్కి లాగింది. ఆగస్టు చివర శిక్షణ పరుగులో దాని ముంగాలు విరిగింది. శస్త్రచికిత్సతో ప్రాణం దక్కడమే అప్పట్లో పెద్ద ఊరట.

పందెం మైదానం దాటి సంతానం దగ్గరకు వస్తే తూకం పూర్తిగా తిరగబడుతుంది. బ్రిగేడియర్ సంతానంలో 1980 సెయింట్ లెజర్ గెలిచిన లైట్ కావల్రీ, ఛాంపియన్ స్టేక్స్ గెలిచిన వైరాన్ ఉన్నా, తండ్రి స్థాయికి అది చాలా తక్కువ. మిల్ రీఫ్ కొడుకు షెర్లీ హైట్స్ 1978లో ఎప్సమ్ డెర్బీ గెలిస్తే, ఆ షెర్లీ హైట్స్ కొడుకు స్లిప్ యాంకర్ 1985లో అదే డెర్బీ గెలిచింది. మిల్ రీఫ్ మరో కొడుకు రెఫరెన్స్ పాయింట్ 1987లో డెర్బీ గెలిచింది. 1986లో మిల్ రీఫ్ చనిపోయిన రెండేళ్ళకు దాని కొడుకు దోయూన్ న్యూమార్కెట్‌లో పరుగెత్తి, తండ్రికి చేజారిన ఆ టూ థౌజండ్ గినీస్‌ను గెలిచింది.