ప్రీఆంప్ వెనుక రంబుల్ స్విచ్: చాలాకాలం వాడాక

ఈ ఫోనో ప్రీఆంప్‌ను (రికార్డు ప్లేయర్ నుంచి వచ్చే సన్నని సంకేతాన్ని పెంచే పెట్టె) మెచ్చుకునేవారు ఎక్కువగా గాత్రం ఎంత స్పష్టంగా వినిపిస్తుందో చెబుతారు. నేను మాత్రం దీన్ని ఇన్నాళ్లూ వదలకుండా వాడుతున్నది వెనుకవైపు, ఎర్త్ వైరు బిగించే మర పక్కన, కనీకనిపించకుండా ఉన్న రంబుల్ ఫిల్టర్ స్విచ్ కోసమే. చెవికి అందనంత తక్కువ ఫ్రీక్వెన్సీ కుదుపులను కోసేయడం దాని పని.

సబ్‌వూఫర్ (లోతైన బాస్ కోసం ఉండే స్పీకర్) చేర్చిన నాటి నుంచి నన్ను వేధించినది వినిపించే రొద కన్నా కనిపించే కదలిక. సూది ఇంకా ఖాళీ గాడిలో ఉండగానే, పాట మొదలు కాకముందే, సబ్‌వూఫర్‌లో ఊగి శబ్దం పుట్టించే కోన్ లోపలికీ బయటికీ విపరీతంగా ఊగేది. సీడీ పెడితే నిశ్చలంగా ఉండేది కనుక సబ్‌వూఫర్‌ను అనుమానించనక్కరలేకపోయింది. ముందున్న జాలీ తీసి చూస్తే ఆ ఊపు 1.8 సెకన్లకొకసారి అదే తీరున తిరిగి వస్తోంది. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే రికార్డుకు ఒక చుట్టు పట్టే కాలం కూడా అంతే. వంగిన రికార్డు సూదిని ఎత్తి దించుతుంటే ఆ కదలిక కూడా సంగీతంతో పాటే ప్రీఆంప్‌కు చేరుతుంది. రికార్డు తయారీలో తగ్గించిన బాస్‌ను ప్రీఆంప్‌లో తిరిగి పెంచే ఆర్ఐఏఏ ఈక్వలైజేషన్ 1000 హెర్ట్జ్‌తో పోలిస్తే 20 హెర్ట్జ్ దగ్గర 19 డెసిబెల్స్‌కు పైగా పెంచుతుంది కాబట్టి, చెవికి అందని ఆ 5, 6 హెర్ట్జ్ కుదుపు కూడా పెరిగే వస్తుంది. పైగా నాది పోర్టు (పెట్టెకు గాలి ఆడే రంధ్రం) ఉన్న సబ్‌వూఫర్. పోర్టును ట్యూన్ చేసిన ఫ్రీక్వెన్సీకి బాగా దిగువన పెట్టెలోని గాలి కోన్‌ను నిలువరించదు, దాని ఊపుకు పట్టపగ్గాలుండవు.

20 హెర్ట్జ్‌కు దిగువన ఆక్టేవ్‌కు (అంటే ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ) 18 డెసిబెల్స్ చొప్పున కోసే ఈ స్విచ్ నొక్కగానే కోన్ కుదుటపడింది. నేను ఊహించనిది ఆ తరువాత జరిగింది: డబుల్ బాస్ మీటులు విడివిడిగా వినిపించాయి. వినిపించని దాన్ని మోయడం తప్పాక ఆంప్లిఫయర్‌కూ, కోన్‌కూ వినిపించే దాని కోసం ఊపిరి మిగిలినట్టుంది.

అయితే వాల్యూమ్ బాగా పెంచినప్పుడు గుంయ్‌మని మొదలై క్రమంగా పెరిగే హోరును ఈ స్విచ్ ఆపలేదు. మోటారు ఆపి, కదలని రికార్డుపై సూదిని ఉంచి, వాల్యూమ్‌ను మెల్లగా పెంచినా అదే హోరు వచ్చింది. అంటే సబ్‌వూఫర్ అదురు నేల మీదుగా టర్న్‌టేబుల్‌కు చేరి మళ్లీ సబ్‌వూఫర్‌లోకే వస్తోంది. అది 20 హెర్ట్జ్‌కు పైనున్న శబ్దం, ఫిల్టర్ పరిధిలోనిది కాదు. టర్న్‌టేబుల్‌ను గోడకు బిగించిన అరమీదికి మార్చాకే అది పోయింది.

కార్ట్రిడ్జ్ (సూదిని పట్టి ఉంచే భాగం) మార్చాక స్విచ్‌కు పని మరికొంత తగ్గింది. బరువైన నా టోన్‌ఆర్మ్‌కు (కార్ట్రిడ్జ్‌ను మోసే చేతికి) సూది పట్టు మెత్తగా ఉన్న కార్ట్రిడ్జ్ తోడైనప్పుడు వాటి అనునాదం, అంటే అవి రెండూ కలిసి ఎక్కువగా ఊగే ఫ్రీక్వెన్సీ, 7 హెర్ట్జ్‌కు దిగువన, సరిగ్గా వంకర రికార్డుల కుదుపులు ఉండే చోట పడేది. కాస్త గట్టి కార్ట్రిడ్జ్‌తో అది 9 హెర్ట్జ్ దాటింది. ఇప్పుడు చదునైన రికార్డులకు స్విచ్ ఆపివేసే ఉంచుతున్నాను, ఎందుకంటే పైప్ ఆర్గాన్ అడుగు స్వరాలు ఫిల్టర్‌తో కొంచెం పలచబడుతున్నాయి.

మూసిన పెట్టె సబ్‌వూఫర్, అదరని నేల ఉన్నవారికి ఇది అంతగా అక్కరకు రాకపోవచ్చు. నా రికార్డుల్లో చాలావరకు సెకండ్‌హ్యాండ్‌వి, వంకరవి కనుక ఈ స్విచ్ లేని ప్రీఆంప్ నాకు వద్దు.