కుదుపు పోవాలంటే ఫ్యూయల్ కంట్రోలరా, ఈసీయూ రీమ్యాపా?

సైలెన్సర్, ఎయిర్ ఫిల్టర్ మార్పించాక నా బైక్ విజయవాడ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో కాస్త రేజ్ చేస్తే చాలు, ఎవరో వెనక నుంచి తోసినట్టు ఎగిరేది. గాలి పెరిగి, దానికి తగ్గ పెట్రోలు అందక వచ్చే గోల ఇది. (ముందు థ్రాటిల్ కేబుల్‌లో 2-3 మిల్లీమీటర్ల ప్లే (వదులు) ఉందో లేదో, చైన్ వదులైందేమో చూసుకోండి, చాలాసార్లు రోగం అక్కడే ఉంటుంది.)

ఫ్యూయల్ కంట్రోలర్ అంటే ఇంజిన్‌కి అందే పెట్రోలుని పెంచే చిన్న పెట్టె. దాన్ని ఇంజెక్టర్ (ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే భాగం) వైరింగ్ మధ్యలో తగిలిస్తారు, బండి అమ్మేటప్పుడు పీకేసుకోవచ్చు. చిక్కేంటంటే, నెమ్మదిగా పోయేటప్పుడు ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) పొగలో ఆక్సిజన్‌ని కొలిచే సెన్సర్ మాట విని మిక్చర్‌ని మళ్లీ 14.7:1 (బరువులో పెట్రోలు ఒక వంతుకి గాలి 14.7 వంతులు) దగ్గరికే లాగుతుంది, మనం పెంచిన పెట్రోలుని అది కోసేస్తుంది. కాబట్టి ఆ సెన్సర్ సంగతి కూడా చూడగలిగే కంట్రోలరే కొనాలి.

రీమ్యాప్ అంటే ఈసీయూలో ఉన్న లెక్కల పట్టికనే (మ్యాప్) తిరగరాయడం. అందులో పెట్రోలుతో పాటు ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) కూడా మారుతుంది. రైడ్ బై వైర్ (కేబుల్ బదులు కరెంటుతో థ్రాటిల్ తెరిచే) బండికైతే చెయ్యి ఎంత తిప్పితే థ్రాటిల్ ఎంత తెరుచుకోవాలో కూడా మార్చొచ్చు, మామూలు కంట్రోలర్ వల్ల కాని పని అది. ఖర్చెక్కువ, వారంటీ మీద ఆశ వదులుకోవాలి. మన ఆటోనగర్‌లో ఇంజిన్ విప్పే చేతులకి తిరుగులేదు గానీ మ్యాప్ రాయడం వేరే విద్య, డైనో (బండిని నిలబెట్టి చక్రం తిప్పుతూ పవర్ కొలిచే యంత్రం) మీద పెట్టి చేసేవాళ్లకే ఇవ్వండి.

నాది కేబుల్ బండి, కంట్రోలరే పెట్టించా. ప్రకాశం బ్యారేజీ మీద జనం మధ్య కూడా ఇప్పుడు క్లచ్ పట్టుకోకుండా మెల్లగా పోతోంది.