క్యాన్సర్ టీమ్ ట్రైనింగ్: ఎవరి స్థాయికి తగ్గట్టు వాళ్లకు నేర్పిన మూడు రోజులు

కీమో వార్డులో పదకొండేళ్లుగా నర్సుగా చేస్తున్నాను. ఇంతకుముందు వెళ్లిన ట్రైనింగులన్నీ ఒకటే తీరు. నిన్న చేరిన సిస్టర్ నుంచి సీనియర్ ఆంకాలజిస్టు (క్యాన్సర్ డాక్టరు) దాకా అందరికీ ఒకే హాలు, అవే స్లైడ్లు. కొత్తవాళ్లకు సగం అర్థమయ్యేది కాదు, పాతవాళ్లకు కొత్తగా దొరికేదేమీ ఉండేది కాదు.

ఈసారి వెళ్లిన మూడు రోజుల ట్రైనింగ్‌లో మొదటి రోజు రాత పరీక్ష పెట్టకుండా ఒక్కొక్కరినీ ప్రాక్టీస్ బొమ్మ ముందు నిలబెట్టారు. డాక్సోరుబిసిన్ అనే కీమో మందు ఎక్కుతోంది, పేషంట్ చేయి మండుతోందంటున్నాడు, అంటే మందు నరం బయటికి లీకవుతూ ఉండొచ్చు, ఏం చేస్తారు? ఆరు నెలల క్రితం చేరిన అమ్మాయి డ్రిప్ ఆపింది, వెంటనే కాన్యులా (నరంలో పెట్టిన సన్న గొట్టం) తీసేయబోయింది. ట్రైనర్ మెల్లగా ఆమె చేయి పట్టుకుని, "దాన్ని ఉంచమ్మా, ముందు సిరంజితో లోపలి మందు వెనక్కి లాగు" అన్నారు. చేయి వణకడం ఆగేదాకా ఆమెతో అదే చేయించారు. నన్ను మాత్రం వేరే ప్రశ్న అడిగారు: డాక్సోరుబిసిన్ లీకైతే చల్లటి కాపడం పెడతారు, విన్‌క్రిస్టిన్ అనే ఇంకో కీమో మందు లీకైతే వేడిది, ఎందుకు? ఇన్నేళ్లూ పెడుతూనే ఉన్నాను, కారణం మాత్రం చెప్పలేకపోయాను. చల్లదనం మందును ఉన్నచోటే ఆపుతుందని, విన్‌క్రిస్టిన్ విషయంలో అదే చల్లదనం గాయాన్ని పెంచుతుందని, వేడి పెడితే మందు చెదిరిపోతుందని అప్పుడు విడమరచి చెప్పారు.

రెండో రోజు నాకు అన్నిటికన్నా నచ్చింది. కేసు అందరికీ ఒకటే: కీమో అయిన పదో రోజు, తెల్లరక్తకణాలు బాగా తగ్గే సమయంలో, 38.3 డిగ్రీల సెల్సియస్ (దాదాపు 101 ఫారెన్‌హీట్) జ్వరం. కొత్త నర్సు పని ఎవరికి, ఏ మాటల్లో ఫోన్ చేయాలో నేర్చుకోవడం. పీజీ డాక్టరు పని బ్లడ్ కౌంట్ రిపోర్టు కోసం కూర్చోకుండా గంటలోపు యాంటీబయాటిక్ మొదలుపెట్టించడం. కన్సల్టెంట్‌కు ఇచ్చిన పని, జూనియర్ చెప్పేది మధ్యలో ఆపకుండా వినడం! ఆయన రెండుసార్లు తప్పాడు, మూడోసారి విన్నాడు.

లోపం ఒకటుంది, గట్టిగానే చెబుతాను. మొదటి రోజు ఇచ్చిన లెవెల్‌నే మూడు రోజులూ ఉంచారు. మా ఫార్మసిస్ట్ కార్బోప్లాటిన్ అనే కీమో మందు డోసు కిడ్నీ పనితీరుని బట్టి చకచకా లెక్కకట్టేస్తాడు, అందుకని పై గ్రూపులో వేశారు. జబ్బు ముదిరిందని కుటుంబానికి చెప్పే సెషన్‌లో పాపం నోరు పెగల్లేదు. అక్కడ అతను కొత్తవాళ్లతో కూర్చోవాల్సింది. నాకూ పాథాలజీ రిపోర్టు చదవడం రాదు. సబ్జెక్టును బట్టి లెవెల్ మార్చమని ఫీడ్‌బ్యాక్‌లో రాశాను.

మూడో రోజు ట్యూమర్ బోర్డు, అంటే అన్ని విభాగాలవాళ్లూ కలిసి ఒక్కో కేసుకు చికిత్స నిర్ణయించే మీటింగ్, హడావిడిగా నడిచింది. ఒక కేసులో మాత్రం అందరూ కీమోకి ఒప్పుకున్నాక నేను లేచి, పేషంట్ మెలకువగా ఉన్న టైములో సగానికి పైగా మంచం మీదే ఉంటున్నాడు, ఈకాగ్ (పేషంట్ ఎంత చురుగ్గా ఉన్నాడో చెప్పే స్కోరు, పెరిగేకొద్దీ నీరసం ఎక్కువ) 3 కదా, కీమో తట్టుకుంటాడా అన్నాను. ప్లాన్ మళ్లీ మొదటి నుంచి చర్చించారు.

వెళ్లేవాళ్లు డాక్టరు, నర్సు, ఫార్మసిస్ట్ కలిసి వెళ్లండి. ఒక్కరే వెళితే రెండో రోజు కేసులో సగం దక్కదు.