పత్తికి వేప కషాయమా, దుకాణం మందా? రెండూ కొట్టినవాడి మాట

వేప కషాయం పనిచేస్తుందా అని ఎవరైనా అడిగితే నేను తిరిగి అడిగేది ఒకటే: ఏ పురుగుకి, ఎప్పుడు కొడతావు? మాది మహారాష్ట్రలో నాందేడ్ జిల్లా కిన్వట్ వైపు, నల్లరేగడి, వర్షాధారం పత్తి. ఏళ్ల తరబడి రెండు రకాలూ కొడుతున్నా కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తా.

విత్తిన నెల, నెలన్నరకి పేనుబంక, పచ్చదోమ, తామర పురుగులు అక్కడక్కడ కనిపిస్తాయి చూడండి, వేప పనికొచ్చేది అప్పుడు. పురుగు చచ్చి రాలిపోదు. వేపలోని అజాడిరక్టిన్ దాన్ని తిననివ్వదు, పిల్ల పురుగును కుబుసం విడవనివ్వదు, అందుకే మర్నాడు చేలోకి వెళ్తే పురుగు అలాగే ఉంటుంది, ఇదేం మందురా అనిపిస్తుంది. నాలుగైదు రోజులు ఓపిక పట్టాలి.

పచ్చదోమ ముదిరాక మాత్రం వేపను నమ్ముకోవద్దు. ఆకు అంచులు పసుపెక్కి కిందికి ముడుచుకుని, ఆకు తిప్పగానే పచ్చటి పిల్లలు పీతల్లా పక్కకు పరుగెడుతుంటే దుకాణం మందు ఫ్లోనికామిడ్ లీటరు నీటికి 0.3 గ్రాములు కొట్టేయడమే. ఇమిడాక్లోప్రిడ్ మా దగ్గర మునుపటిలా పట్టడం లేదు. విత్తనానికి పట్టించి వచ్చేదీ అదే, పైన కొట్టేదీ అదే అయితే పురుగు అలవాటు పడక ఏం చేస్తుంది?

తెల్లదోమకైతే వేప నూనెకే నా ఓటు. సైపర్‌మెత్రిన్ లాంటివి కొడితే తెల్లదోమ తగ్గకపోగా పెరుగుతుంది, దాన్ని తినే అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు ముందు చస్తాయి కాబట్టి.

గులాబీ పురుగు సంగతి వేరు. 2006లో కాయ పురుగుల్ని తట్టుకునే బీటీ పత్తి విత్తనం బీజీ-2 వచ్చినప్పుడు ఇక టెన్షన్ లేదనుకున్నారు, ఇప్పుడా పురుగు దానికీ లొంగట్లేదు. గుడ్డు పగిలిన పిల్ల గూడలోకో (పూమొగ్గ) కాయలోకో దూరిపోతుంది, కన్నం కూడా పూడుకుపోతుంది, లోపలున్నదాన్ని కషాయమూ చంపదు, ఎంత ఖరీదైన డబ్బా మందూ చంపదు. ఆడ పురుగు వాసనతో మగవాటిని రప్పించే లింగాకర్షక బుట్టలో వరుసగా మూడు రోజులు రోజుకు 8 మగ రెక్కల పురుగులు పడ్డాయంటే ఇక ఆగొద్దు. గుడ్లు పెట్టే దశలో 5 శాతం వేపగింజల కషాయం, ఉధృతి ఉంటే ప్రొఫెనోఫాస్ లీటరుకు 2 మి.లీ.

కషాయం చవకే కానీ చాకిరీ ఎక్కువ. 5 కిలోల వేప పలుకులు (గింజ లోపలి పప్పు) దంచి, 10 లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పలుచటి గుడ్డలో వడగట్టి, 100 గ్రాముల సబ్బు పొడి కలిపి 100 లీటర్లు చేయాలి. ఎకరాకు ఇలాంటివి రెండు పడతాయి. వడగట్టడానికి బద్ధకిస్తే నాజిల్ పట్టేసి చేలో నిలబడి తిట్టుకోవాలి. ఎండకు దాని గుణం పోతుంది, సాయంత్రమే కొట్టండి. గింజలు ఏరిన వెంటనే నీడలో ఆరబెట్టకపోతే బూజు. సీసా నూనె కొంటే అజాడిరక్టిన్ 1500 పీపీఎం ఉందో లేదో, ఎప్పుడు తయారైందో చూసుకోండి, కొన్నింట్లో వాసన తప్ప ఇంకేం ఉండదు.

ఇక ప్రాణం సంగతి. 2017లో యవత్‌మాల్ జిల్లాలో మందు కొడుతూ విషమెక్కి 20 మందికి పైగా పోయారు, వందల మంది ఆస్పత్రి పాలయ్యారు. మనిషెత్తు పెరిగిన చెట్ల మధ్య, గాలాడని చేలో, బలంగా చిమ్మే తైవాన్ పంపుతో పైకి కొడితే మందంతా మొహం మీదే పడుతుంది. మా దగ్గర ఇప్పుడు కూలికి మందు కొట్టే కుర్రాళ్లు ముందు డబ్బా మీద విషం తీవ్రత చెప్పే త్రికోణం ఏ రంగో అడుగుతారు. అన్నిటికంటే ఘాటు విషమని చెప్పే ఎరుపుదైతే, ఎంత కూలి ఇచ్చినా రారు. నాకూ అదే నయం అనిపిస్తుంది.

పది రకాల ఆకులు, పేడ, మూత్రం కలిపి చేసే దశపర్ణి కషాయం గురించి కూడా అడుగుతుంటారు. నెల రోజులు డ్రమ్ములో పులియబెట్టాలి, వాకిలంతా కంపు. వేప పలుకుల కంటే మెరుగ్గా పనిచేసినట్టు నాకైతే కనపడలేదు. పేడ, మూత్రం, ఓపిక ఉన్నవాళ్లు చేసుకోండి, మా డ్రమ్ములో మాత్రం పలుకులే నానుతున్నాయి.