అలెబ్రిహేల అచ్చులు, కొలాజ్‌లు: లినోలియం, ఉలులు, ఇంకు ఏళ్ల తరబడి వాడాక

మెక్సికో జానపద కళలో అలెబ్రిహేలనే వింత జీవులున్నాయి, ఒకే ఒంట్లో రకరకాల జంతువులు కలిసిపోయినవి. వాటిని అచ్చు వేసి, కత్తిరించి, కొలాజ్‌లుగా అంటించే పని కొన్నేళ్లుగా చేస్తున్నాను. షీటు మీద బొమ్మ చెక్కి, ఎత్తుగా మిగిలిన గీతలకు ఇంకు పూసి కాగితం మీద ఒత్తితే అచ్చు పడుతుంది. చెక్కడానికి కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు చాలామంది మెత్తటి రబ్బరు షీటు కొనమని చెబుతారు. ఈ బొమ్మల కోసమైతే నేను వద్దంటాను. బూడిదరంగు లినోలియం షీటే తీసుకోండి.

కారణం ఆ జీవుల ఒంటి మీదే కనిపిస్తుంది. అలెబ్రిహె ఒంటి మీద ఖాళీ జాగా అంటూ ఉండదు. ఓహాకా రాష్ట్రంలోని సాన్ మార్టిన్ టిల్కాహెటె, అర్రాసోలా ఊళ్లలో కోపాల్ అనే చెట్టు కర్రతో చెక్కే బొమ్మలైతే మరీనూ: చుక్కలు, పొలుసులు, మెట్లమెట్లుగా గీతలు, వాటి మధ్య మళ్లీ గీతలు. రబ్బరు షీటు వెన్నలా తెగుతుంది నిజమే, కానీ సన్నగా మిగిల్చిన గట్లు ఒత్తిడికి పక్కకు ఒరిగిపోతాయి. అచ్చులో గీత లావెక్కి పొలుసులన్నీ ముద్దయిపోతాయి. లినోలియం అలా కాదు. అవిసె నూనె, కార్కు పొడి కలిపి జనపనార గుడ్డ మీద పరిచి చేసే సరుకు అది. సన్న గీతను కూడా గట్టిగా నిలబెడుతుంది. అయితే పాతబడితే గట్టిపడి అంచులు పొడిగా రాలతాయి కాబట్టి ఏళ్లకు సరిపడా కొని దాచకండి. చలికాలంలో బిగుసుకుంటే కాసేపు ఎండలో పెట్టండి, మెత్తబడుతుంది. మా హైదరాబాద్ వేసవిలో అదీ అక్కర్లేదు.

అదే వేసవి నీళ్ల ఇంకును బతకనివ్వదు. గాజు పలక మీద రోలర్‌తో పరుస్తుండగానే ఆరిపోతుంది. నూనె ఇంకే వాడండి, సబ్బునీళ్లతో కడిగేయగల రకాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. ఆరడానికి రోజులు పడుతుంది, వానాకాలంలో ఇంకా ఎక్కువ. ఆ ఓపిక తప్పదు.

ఉలుల గురించి పెద్దగా చెప్పను. బ్లేడ్లు మార్చుకునే హ్యాండిల్ మొదట్లో సరిపోతుంది. నేను కొన్న చవక సెట్టులో బ్లేడు లోపల కదిలేది, వంపు గీతల దగ్గర ఆ వణుకు తెలిసిపోయేది. చెక్క పిడి ఉన్న, మొన ‘వి’ ఆకారంలో ఉండే ఒక్క మంచి ఉలి కొన్నాక సగం బాధ తీరింది. పదును పోకుండా దాన్ని పాలిష్ రాసిన తోలు మీద తరచూ రుద్దుతూ ఉండాలి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది కొలాజ్. మెక్సికో సిటీకి చెందిన కాగితపు బొమ్మల కళాకారుడు పెద్రో లినారెస్ 1936లో జబ్బుపడి స్పృహ లేకుండా ఉన్నప్పుడు ఈ జీవులు కలలో కనిపించాయని చెప్పేవారు. రెక్కల గాడిద, ఎద్దు కొమ్ముల కోడిపుంజు, కుక్క తల సింహం! కోలుకున్నాక వాటిని కాగితం, జిగురుతో బొమ్మలుగా కట్టారు. 1990లో మెక్సికో జాతీయ కళా పురస్కారం ఆయనకు వచ్చింది. ఆ కలలో జంతువులు ఎలా కలిసిపోయాయో నేనూ అలాగే కలుపుతాను. పూర్తి జీవిని ఒకే షీటు మీద చెక్కను. తల, రెక్క, తోక, కాళ్లు విడివిడిగా చెక్కి, బోలెడు అచ్చులు తీసి పెట్టుకుంటాను. తొండ తోకకు గుడ్లగూబ తల పెట్టి చూస్తాను, కుదరకపోతే రెక్క మారుస్తాను. చెక్కిన ముక్కలు కొన్నే అయినా వచ్చే జీవులకు లెక్కుండదు. ఇంత ఆనందం నాకు ఇంకే పనిలోనూ దొరకలేదు.

రంగు కోసం నాలుగైదు షీట్లు చెక్కి ఒకదాని మీద ఒకటి అచ్చు వేయాల్సిన పని కూడా ఇందులో తప్పుతుంది. పల్చటి కాగితాలకు ముందే యాక్రిలిక్ రంగులు పూసి ఆరబెట్టి, వాటి మీద నల్ల ఇంకుతో అచ్చు వేసి కత్తిరిస్తాను. గులాబీ మీద నలుపు, పసుపు మీద నలుపు ఎంత వెలుగుతాయో! బజారులో దొరికే రంగు టిష్యూ కాగితం మాత్రం వద్దు, జిగురు తడికి రంగు దిగి పక్క కాగితాలకు అంటుతుంది.

అంటించడానికి మైదా జిగురు వాడతాను. లినారెస్ బొమ్మలు కట్టిన సంప్రదాయంలోనూ పిండి జిగురే. ఏ పూటకాపూట కొంచెమే ఉడికించుకోవాలి, నిలవుంటే పులుస్తుంది. పల్చగా రాసి, పైన బరువు పెట్టి రాత్రంతా వదిలేస్తే ముడతలు రావు.

కాగితాన్ని ఒత్తి అచ్చు వేసే యంత్రం, అంటే ప్రెస్ కొనాలా అని అడుగుతుంటారు. ఇలాంటి చిన్న ముక్కలకు అక్కర్లేదు. కాగితం పల్చనిదైతే స్టీలు గరిటె వెనుక భాగంతో మధ్య నుంచి అంచులకు రుద్దితే చాలు. మందపాటి డ్రాయింగ్ షీటు మీద మాత్రం ఎంత రుద్దినా నలుపు సమంగా పడదు.